ఎవరి మనుషులని అడగకుండా పులివెందుల దాకా

చాపాడు పక్కన మా పల్లె నుంచి పులివెందులకు పోయి రావడాన్ని యాత్ర అంటే నవ్వుతారేమో. కాశీకి పోయినోళ్లు రాస్తారు, కొండకు నడిచి పోయినోళ్లు రాస్తారు. నేను పోయింది మూడు బస్సుల దూరం. కానీ పార్టీల గొడవలు ముదిరిపోయిన ఆ ఏండ్లలో ఒక ఆడపిల్లను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తిరిగి నాలుగు దినాలకు ఇల్లు చేరడం చిన్న పని కాదు. మా సీమ గురించి పేపర్లో బాంబులూ కొడవళ్లూ తప్ప ఇంకేమీ చదవనోళ్ల కోసం ఇది రాస్తాండా. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. చూసింది చూసినట్టు రాయడానికి ఆ చదువు చాలు.

ప్రొద్దుటూరు

మాది గొర్లు మేపుకునే ఇల్లు. ఇప్పుడు కొంచెం సేద్యం కూడా ఉంది. మా కొడుకు కూతురు అరుణ ప్రొద్దుటూరులో నర్సు ట్రైనింగు చదువుతాండేది. అది ఆఖరి ఏడు. ఒక మంగళవారం పొద్దన్నే కబురొచ్చింది, "మీ జేజిని పిలుచుకొని రా" అని వాళ్ల టీచరు చెప్పిందంట. వాళ్లమ్మా నాయనా చేన్లో చెనిక్కాయ పీకుతాండారు. నేనే పోయినా.

బంగారం అంగళ్ల వీధిలో నుంచి నడిచినా. ఆ వీధిలో తలకాయ తిప్పకుండా నడిస్తే దుడ్లు మిగుల్తాయి. ఒక బండి కాడ రెండు కారం దోసెలు తీసుకొని, ఒకటి తిని, ఇంకోటి ఆకులో చుట్టించి సంచిలో పెట్టుకున్నా. ఆ దోసె మీద ఎర్రకారం మా ఇంట్లో చేసేదాని కంటే పల్చన. నీళ్లు ఎక్కువ పోసి మిగిలించుకుంటాండాడు. ఆ మాట బండి ఆయప్పతో అంటే, "నువ్వు రోజూ వస్తే నాకు యాపారం సాగదు పెద్దమ్మా" అని నవ్వినాడు.

టీచరు పేరు గ్రేసమ్మ. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. తెల్లచీర, మెత్తని మాట. నన్ను కుర్చీలో కూచోబెట్టి ఒక నోటుబుక్కు ముందర పెట్టింది.

"పెద్దమ్మా, పరీక్షకు ముందు ప్రతి అమ్మాయి చేతా ఇది రాయిస్తాను. చదువుతారా?"

కూడబలుక్కొని చదివినా. నేను ఏ ఇంట్లో పుట్టాను? ఎవరిని తాకాలంటే చెయ్యి వెనక్కి పోతుంది? ఎవరింట్లో నీళ్లు తాగను? ఎవరిని చూస్తే భయం? కొత్త మనిషి కనబడితే నా నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏది? ఇవన్నీ నాకు నేర్పిందెవరు? ఇట్లా ఒక పేజీ నిండా ఉండాయి. కింద మా పిల్ల ఒకే వరుస రాసింది: నాకు అందరూ సమానమే.

"బాగానే రాసింది గదమ్మా," అన్నా.

"బాగానే ఉంది. క్లాసులో సగం మంది ఇదే రాశారు. లోపల ఏముందో చూసుకోకుండా రాసేస్తే ఇలాగే వస్తుంది. నా పుస్తకంలో నేనేం రాసుకున్నానో చెప్పనా? ఇక్కడికి వచ్చిన కొత్తలో మీవాళ్ల మాట వింటే నన్ను తిడుతున్నారనుకునేదాన్ని. నొప్పి అని అరిచినా పొగరనుకునేదాన్ని. ఎన్నాళ్లు సరిగ్గా వినలేదో! అది కాగితం మీద పెట్టుకున్నాకే వినడం మొదలైంది."

నాకు ఆ మాట నచ్చలే. మేము తిడితే తెలుస్తుంది, అనుకోవాల్సిన పని లేదు.

"ఇప్పుడు నువ్వు చెప్పు అరుణా," అనింది టీచరు.

అరుణ నేల చూస్తా చెప్పింది. ముందుదినం ఆసుపత్రిలో కట్లు కట్టే గదికి ఒక ముసలామె వచ్చిందంట. పేరు ఓబులమ్మ. ఊరు పెద్దముడియం దగ్గర. గడ్డి కోస్తా ఉంటే కొడవలి తగిలిందని ఎడమచేతి వేలు చూపింది. షుగరు కూడా ఉంది. మా పిల్ల పాతకట్టు విప్పి, గాయం కడుగుతా, "ఎవురి మనుషులవ్వా మీరు?" అని అడిగింది, అంటే యా పార్టీవాళ్లని. ఆ యమ్మ చెయ్యి వెనక్కి లాక్కొని, సగం కట్టుతోనే లేచి పోయింది. గేటు దాకా పరిగెత్తినా దొరకలే.

నేను టీచరును చూసినా. "కొడవలి గాయం అంటే ఎవరైనా అదే అడుగుతారమ్మా. మా తట్టు అది మర్యాద. యా ఊరు, ఎవురి మనుషులు, అన్నం తిన్యావా అని."

"గడప దగ్గర మర్యాదే కావచ్చు. గాయం విప్పి చేతిలో పెట్టుకొని అడిగితే?" అనింది ఆమె. "షుగరు గాయం పెద్దమ్మా. వారం పట్టించుకోకపోతే వేలు పోతుంది. తర్వాత చెయ్యే పోవచ్చు. విప్పిన మనిషే కట్టి రావాలి. శనివారం పరీక్ష ఫారాలు పంపాలి. ఆమె చెయ్యి సంగతి తేలకుండా ఈ ఫారం మీద నేను సంతకం పెట్టను. ఒక్కదాన్నే పంపలేను కనుక మిమ్మల్ని పిలిపించాను."

కోపం వచ్చింది. కానీ ఆమె గొంతు పెంచలే, అదే నన్ను కట్టేసింది. కట్టు సామాను ఒక స్టీలు క్యారియర్లో సర్ది ఇచ్చింది. లేచినాం.

జమ్మలమడుగు బస్సు

బస్సులో నా పక్కన గాజుల బుట్టతో ఒకామె కూచుంది. పేరు ఖాదర్‌బీ. కొడుకు కువైట్లో డ్రైవరు. మేము పోయే ఊరికే మరుసటి దినం గాజులు అమ్మేదానికి పోతాదంట. మాటలు కలిసినాయి. నేను అలవాటుగా, "ఆ ఊర్లో యా వీధి మీకు?" అని అడిగినా. అంటే యా పార్టీ వీధి అని. ఆమె నవ్వింది.

"నాకు రెండు వీధులూ కావాలక్కా. చెయ్యి పట్టుకొని గాజు ఎక్కించేటప్పుడు నువ్వు యా పార్టీ అంటే చెయ్యి బిగుసుకుంటాది. గాజు ఫట్. నష్టం ఎవురికి?"

పక్కన అరుణ కిటికీలో నుంచి బయటికి చూస్తాండేది. వినపడింది దానికి. చెవులు ఎర్రబడినాయి.

జమ్మలమడుగు ఇంకా కొంచెం దూరముందనగా పోలీసులు బస్సు ఆపినారు. ఆ ఏండ్లలో అది రోజూ ఉండేదే. మొగోళ్లందర్నీ దించి, సంచులు తడిమినారు. ఒక కుర్ర కానిస్టేబులు మా క్యారియరు తెరిచి కత్తెరా, పట్టకారూ పైకి తీసినాడు.

"ఏందివి? యా ఊరు మీది? ఎవురి మనుషులు?"

నా నోరు ఎండిపోయింది. ఉండేది ఉన్నట్టు చెప్తే, బస్సులో అవతల పార్టీవాళ్లు ఎందరుండారో నాకేం తెలుసు? చెప్పకపోతే ఆయప్పకు అనుమానం. బస్సంతా నా మొగమే చూస్తాంది.

"ఆసుపత్రి మనుషులం నాయనా. గాయం కట్టే సామాను అది. కావాలంటే నీ ముక్కు పట్టి చూపిస్తాది మా పిల్ల," అన్నా.

బస్సు నవ్వింది. ఆయప్ప కూడా నవ్వుకుంటా క్యారియరు మూసి ఇచ్చినాడు. నేను నవ్వలే. నా బతుకులో ఎన్ని వందల మందిని ఆ మాట అడిగినానో! బావి కాడ, సంతలో, పెండ్లిలో, గొర్లు కొనను వచ్చినోళ్లను. వాళ్లెవరికైనా గొంతు ఎండిందేమో నేను చూడనే లేదు.

ఆ రాత్రి ఖాదర్‌బీ పట్టు వదల్లేదు, జమ్మలమడుగులో వాళ్లింట్లోనే పడుకున్నాం. జొన్నరొట్టె, వంకాయ పులుసు పెట్టింది. ముప్పై ఏండ్లు మా గొర్లు సాయిబులకే అమ్మినా గానీ, వాళ్లింట్లో కూచొని తినింది ఆ పూటే. పులుసులో చింతపండు తక్కువ, నూనె ధారాళం. నూనె సంగతి చెప్పినా. "మీ ఇంటికొచ్చినప్పుడు తక్కువేసి పెట్టు," అనింది ఆమె.

పెద్దముడియం దగ్గర ఊరు

ఊరి పేరు రాయను. ఆడంతా నల్లరేగడి. వాన పడితే చెప్పు ఊడి నేలలోనే ఉండిపోతాది. మా ఎర్రనేల మీద నడిచిన కాళ్లకు అది లెక్కలోకి రాని నేల. నా ఎడమచెప్పు రెండుసార్లు ఇరుక్కుంది, రెండోసారి తీసి చేత పట్టుకొనే నడిచినా.

ఊరు నడిమధ్య ఒక మోరీ పారతాంది. మోరీకి ఇవతల ఒక పార్టీ, అవతల ఒక పార్టీ. ఇవతల ఒక టీ అంగడి, అవతల ఒక టీ అంగడి. మా ఊర్లో కూడా గొడవలున్నాయి గానీ టీ ఒకే కాడ తాగుతాం, బెంచీలే వేరు. ఖాదర్‌బీ మాత్రం రెండు పక్కలా "గాజులోయ్" అని అరుస్తా పోయింది. రెండు పక్కలా చేతులు బయటికొచ్చినాయి. ఆమె వెనకే మేమూ నడిచినాం. మమ్మల్ని ఎవరూ ఆపలే.

ఓబులమ్మ ఇల్లు మోరీ ఒడ్డునే ఉంది. తలుపుకు తాళం. పక్కింట్లో శెనగలు చెరుగుతాండే ఒకామె చేట కింద పెట్టి లేచింది.

"ఎవురి తాలూకమ్మా మీరు?"

"నా తాలూకే లే, గాజులకొచ్చినారు," అనింది ఖాదర్‌బీ. "ఓబులమ్మ యాడ పోయింది?"

ఆమె మా మొగాలు చూసి, గాజుల బుట్ట చూసి, గొంతు తగ్గించింది. "సోమవారం ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయొచ్చింది. వచ్చినప్పట్నుంచీ ఒకటే వణుకు. ఆడ ఎవురో ఎవురి మనిషివని అడిగినారంట. రాత్రికి రాత్రే పులివెందులకు, కూతురు సరోజ కాడికి పోయింది. అల్లుడు చీనీతోట కాపలా."

"ఆ మాత్రానికి అంత భయమెందుకు?" అన్నా.

"ఎందుకేందక్కా? పుట్టిల్లు ఈ పక్క. మెట్టినిల్లు ఆ పక్క. మొగుడు పోయినాక రెండు పక్కలా పిలిచేటోళ్లు లేరు. ఎవురి మనిషంటే ఏం చెప్పాల? ఒకటి చెప్తే వీళ్లకు కోపం, ఇంకోటి చెప్తే వాళ్లకు కోపం. కొడవలి గాయం వేరే. వీళ్లు కొట్టినారని కేసు పెట్టేదానికి పోయిందని ఒక పుకారు, వాళ్లే పంపినారని ఒక పుకారు."

అరుణ గోడకు ఆనుకుంది.

"జేజీ, వెనక్కి పోదాం. దొరకలేదని మేడంకు చెప్తా. పరీక్ష వచ్చే ఏడు రాసుకుంటా."

"దొరకలేదని చెప్పేదానికా నిన్ను చదివించినా? నీ పరీక్ష పోతే ఏడాదికి మళ్లీ వస్తాది. ఆ యమ్మ వేలు పోతే యా ఏడుకొస్తాది? నడువ్."

ఖాదర్‌బీ పోతా పోతా మా పిల్ల చేతికి రెండు పచ్చగాజులు ఎక్కించింది. దుడ్లిస్తే తీసుకోలే. నేను కూడా ఎక్కువ బలవంతం చేయలే.

పులివెందుల

ఆ దినమే ముద్దనూరు మీదుగా పోయినాం. బస్సు టైరు ఒకసారి పంచరయ్యింది. రోడ్డు మీద కూచొని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. పులివెందుల దగ్గరపడే కొద్దీ చీనీతోటలు, మీరు బత్తాయి అంటారే అవి, ఇంకా అరటితోటలు. రాళ్ల మధ్య అంత పచ్చదనం ఎట్లా పెంచినారో! మా ఊరోళ్లకు నీళ్లున్నా ఆ ఓపిక లేదు. ఊర్లో ప్రతి గోడ మీదా పార్టీ రాతలు. అరుణ అవి చదవకుండా నేల చూస్తా నడిచింది.

తోట కాడ చిన్న రేకుల కొట్టం. సరోజ బయటికొచ్చింది. ఆసుపత్రి పిల్లనని అరుణ చెప్పగానే లోపల నుంచి ఓబులమ్మ అరిచింది.

"ఇంత దూరం నన్నడగనొచ్చినారా? నాకేం తెల్దు. గడ్డి కోస్తాంటే తగిలింది, అంతే! పోండి!"

లోపలికి పోయినాం. కొంగు కింద చెయ్యి దాచుకొని మూల కూచుండాది. నా కంటే నాలుగైదేండ్లు చిన్నది. వాసన నాకు ముందే తెలిసింది. గొర్రె గిట్ట కుళ్లినప్పుడు వచ్చే వాసన అది.

అరుణ గడప కాడనే ఆగింది. అందుకే నేనే ఎదురుగా కింద కూచున్నా.

"ఓబులమ్మా, నిన్నడిగింది ఈ పిల్ల నోరు. అడగడం నేర్పింది నేను. నాలుగేండ్లప్పుడు ఇది ఒకరింట్లో నీళ్లు తాగొస్తే, ఎవురిల్లని అడగకుండా ఎందుకు తాగినావని నెత్తిన మొట్టినా. ఒకసారి కాదు. దాన్ని బతికించుకునేదానికే నేర్పినా, దానికి నేను సిగ్గుపడను. కానీ నీ గాయం కాడ అడగకూడదని నాకే తెల్దు, దానికెట్లా చెప్తా? నిన్న బస్సులో పోలీసోడు నన్నడిగినాడు. నా నోరు ఎండిపోయింది."

ఆ యమ్మ నా వైపు చూసింది. చెయ్యి మాత్రం బయటికి తీయలే.

"ఇప్పుడు నువ్వూ అడుగుతావు," అనింది.

"నాకు అడగాలనే ఉంది," అన్నా. అబద్ధమెందుకు?

అప్పుడు అరుణ నా పక్కకొచ్చి కూచొని, "నొప్పి ఎట్లుండాదవ్వా?" అనింది.

అంతే. ఇంకో మాట అనలే. నేనేదో అనబోతే నా మోకాలు నొక్కింది. మామూలుగా మా పిల్ల అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను చూడలే. చివరికి ఓబులమ్మ, "రాత్రంతా కుట్టుతాంది. మణికట్టు దాకా లాగుతాంది," అని కొంగు తీసింది.

చూపుడువేలు నల్లగా ఉంది. అరుణ మెల్లిగా చూసి, మణికట్టు తడిమి, ఒంటి వేడి చూసి, క్యారియరు మూసేసింది.

"ఇది నేను కట్టే గాయం కాదవ్వా. ఇప్పుడే పెద్ద డాక్టరు చూడాల."

"ఆడ మళ్లీ అడుగుతారు."

"పేరు, ఊరు, వయసు, షుగరు ఎన్నేండ్లుగా ఉందో, గాయం ఎన్నో దినం. చెప్పాల్సింది ఇవే. ఇంకేమన్నా అడిగితే నేను పక్కనే ఉంటా. నువ్వు చెప్పకుంటే ఎవురూ చెప్పించలేరు."

మేడం సంతకం కోసం మా పిల్ల ఆడనే తెల్లగుడ్డ కట్టి, కట్టినానని పోయి చెప్పి ఉండొచ్చు. ఫారం దాఖలయ్యేది. ఆ ఆలోచన నాకొచ్చింది, నిజం చెప్తాండా. దానికి వచ్చినట్టు లేదు.

తోట ట్రాక్టరు మీదనే ఓబులమ్మను ఊర్లో ఆసుపత్రికి తీసుకుపోయినాం. డాక్టరు చూసి, వేలు తీయాల, చెయ్యి నిలబడుతుంది, రేపొచ్చి ఉంటే చెప్పలేనన్నాడు. సరోజ ఏడ్చింది. ఓబులమ్మ ఏడవలే. "ఈ పిల్ల లోపలికొస్తే పడుకుంటా," అనింది. డాక్టరు అరుణను యా ఇస్కూలని అడిగి, సరే రమ్మన్నాడు. ఆ యమ్మ కుడిచెయ్యి పట్టుకొని అరుణ లోపలికి పోయింది.

బయట బెంచీ మీద నేనూ సరోజా కూచున్నాం. ఏమీ తోచక ఇద్దరం ఒక చీనీకాయ ఒలుచుకొని తిన్నాం. పుల్లగా ఉంది. తోటకాపలా ఇంట్లో తినేది రాలినకాయే గదా, బుట్టకెక్కేది కాదు. ఎంతసేపటికో అరుణ బయటికొచ్చింది. కండ్లు ఎర్రగా ఉండాయి, నడక మాత్రం నిలకడగా ఉంది.

"మిగతా నాలుగు వేండ్లూ బాగుండాయి జేజీ."

మళ్లీ ప్రొద్దుటూరు

గురువారమంతా ఆసుపత్రిలో ఆ యమ్మ కాడనే ఉండినాం. శుక్రవారం బస్సులో అరుణ నోటుబుక్కు ఒళ్లో పెట్టుకొని దారంతా రాసింది. సమానమే అన్న వరుస కొట్టేసింది. మూడు పేజీలు నిండినాయి. నేను మెడ చాచితే అరచేయి అడ్డం పెట్టింది.

ఓబులమ్మ చెయ్యి సంగతి, డాక్టరు రాసిచ్చిన చీటీ అన్నీ గ్రేసమ్మ చూసింది.

"లోపల భయపడిందా? ఏమైనా మాట్లాడిందా?"

"శానా మాట్లాడింది మేడం. గాయం సంగతి అంతా ఈ చీటీలో ఉండాది. మిగిలింది ఆ యమ్మది."

"ఎవరి మనిషంట?"

అరుణ ఆమె మొగంలోకి సూటిగా చూసి తల అడ్డంగా ఊపింది. గ్రేసమ్మ కలం తీసి ఫారం మీద సంతకం పెట్టింది. నోటుబుక్కు తెరవలే. "అది నీకే," అని వెనక్కిచ్చింది.

ఇంటికొచ్చినాం. అన్నం తిన్నాక కోడలు గిన్నెలు తోముతాంటే, నేను అరుణను వసారాలోకి పిలిచినా.

"లోపల ఏం చెప్పింది?"

"చెయ్యి గట్టిగా పట్టుకోమనింది."

"అది కాదు. ఎవురి మనిషంట? ఆ దెబ్బ గడ్డికోతలోదేనా, ఇంకేమన్నా ఉందా?"

అది చేతి పచ్చగాజులు పైకి జరుపుకుంది.

"నేనెవురికి చెప్తా మ్మే? నన్ను నమ్మవా?"

"నమ్ముతా జేజీ. నువ్వు ఎవురికీ చెప్పవు," అనింది. "అయినా చెప్పను."

నన్ను ఎదిరించి మాట్లాడినందుకు ఈ ఇంట్లో ఎవరికీ దెబ్బ తప్పలేదు. దాని నాయనకు తప్పలేదు, దానికీ తప్పలేదు. ఆ పూట నా చెయ్యి లేవలే. లేచి పోయి దానికి మీగడ గట్టిగా ఉన్న పెరుగు ఒక గిన్నె తెచ్చిచ్చినా. అది తింటా కూచుంది. నేను ఎదురుగా కూచొని ఇంకోసారి అడిగినా. నవ్వింది గానీ చెప్పలే.

ఇప్పుడు అది ఆసుపత్రిలో పనిచేస్తాంది. ఎన్ని ఊర్ల గాయాలు దాని చేతుల మీదుగా పోయినాయో. ఇంటికొచ్చినప్పుడంతా ఒకసారి అడుగుతానే ఉంటా. ఈ దినం వరకు నాకు తెలీదు.